కర్రలో దాగిన నాదం

పాఠ్యభాగ పరిచయం

వాద్యం మోగుతున్నప్పుడు శ్రోతల దృష్టి అంతా వాదకుని వేళ్లమీద నిలుస్తుంది. ఆ వాద్యాన్ని మలచిన వేళ్లు ఎవరివో తెలుసుకోవాలన్న ఆసక్తి సాధారణంగా కలగదు. కళాశాల వార్షికోత్సవాల్లో తరచుగా వినిపించే గిటారును నేర్పుగల వడ్రంగి తన ఇంటి గదిలో కూర్చుని చేతి పనిముట్లతోనే తయారుచేయగలడు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో వీణలు తరతరాలుగా చేతిపనితోనే రూపుదిద్దుకుంటున్నాయి. ఈ రెండు వాద్యాల నిర్మాణాన్ని పక్కపక్కన నిలిపి చూపడం, చేతిపనిలోని శాస్త్రాన్ని వివరించడం, ఆ విద్య ఒక తరం నుంచి మరొక తరానికి ఎలా అందుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠం

నిజామాబాదు జిల్లాలో శ్రీరామసాగర్ జలాశయం చెంతనున్న మెండోర, ఆర్మూరు ప్రాంతాల్లో పసుపు పేరెన్నికగన్న పంట. తవ్వి తీసిన పసుపును ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్టుకు తరలిస్తారు. కొమ్ము సరిగా ఎండినదో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. కొమ్మును విరిచి, ఆ చప్పుడు వింటారు. తేమ మిగిలిన కొమ్ము మెత్తగా వంగుతుంది. బాగా ఎండిన కొమ్ము లోహాన్ని తట్టినట్లు ఠంగుమని విరుగుతుంది. ఆ శబ్దమే సరకు నాణ్యతకు సాక్ష్యం.

వస్తువు లోపలి గుణాన్ని చెవితో పట్టుకునే ఈ పద్ధతి ఎన్నో వృత్తుల్లో కనిపిస్తుంది. కొత్త కుండను కొనేవారు దానిని వేలితో కొట్టి చూస్తారు. బీటలున్న కుండ బొంగురుగా పలుకుతుంది. వడ్రంగి చెక్కను వేలి కణుపుతో తట్టి అందులో తేమ ఉన్నదా, పగులు ఉన్నదా అని గ్రహిస్తాడు. వాద్యాలు చేసే శిల్పి పని కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. తలుపు చేసే వడ్రంగికి చెక్క బలంగా ఉంటే చాలు. వాద్యం చేసేవానికి అది బలంగా ఉండాలి, పైగా పలకాలి. ఈ రెండు గుణాలు ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. చెక్క మందంగా ఉంటే బలం పెరుగుతుంది కాని పలుకు అణగిపోతుంది. పలుచబడినకొద్దీ పలుకు పెరుగుతుంది కాని బలం తరిగిపోతుంది. ఈ రెండింటికీ నడుమనున్న సన్నని గీతను కనుగొనడమే వాద్యశిల్పి చేసే సాధన.

గిటారు తీగను మీటితే వచ్చే శబ్దం తీగదే అని మనం భావిస్తాం. అది సగం నిజం మాత్రమే. రెండు మేకుల నడుమ గోడకు బిగించిన తీగను మీటి చూస్తే దాని శబ్దం మూరెడు దూరం కూడా వినిపించదు. సన్నని తీగ గాలిని కదిలించగలిగేది అత్యల్పం. ఆ కదలికను అందుకుని, విశాలమైన తన ఉపరితలంతో గాలిని ఊపేది గిటారు పైపలక. తీగ ప్రకంపన గుర్రం ద్వారా పైపలకకు చేరుతుంది. పలక పైకీ కిందికీ ఊగుతూ డొల్లలోని గాలిని, వెలుపలి గాలిని కదిలిస్తుంది. పలక నడుమనున్న గుండ్రని రంధ్రం గుండా లోపలి గాలి శ్వాసిస్తున్నట్లు రాకపోకలు సాగిస్తుంది. తీగ మాట అందిస్తే కర్ర దానికి గొంతు ఇస్తుంది.

అందువల్లనే గిటారు చేసేవాడు అన్నింటికంటె ఎక్కువ శ్రద్ధ పైపలకమీద చూపుతాడు. దీనికి తేలికగాను, బిగువుగాను ఉండే చెక్క కావాలి. ఐరోపా, ఉత్తర అమెరికా చలిప్రాంతాల్లో నెమ్మదిగా పెరిగే స్ప్రూస్, సీడార్ వంటి చెట్ల కలప ఇందుకు ప్రసిద్ధి. చెట్టు నెమ్మదిగా పెరిగినప్పుడు దాని వార్షిక వలయాలు దగ్గరదగ్గరగా ఏర్పడతాయి. దుంగను కేంద్రం నుంచి అంచుకు వ్యాసార్ధం వెంబడి కోస్తే ఆ వలయాలు పలకలో నిలువు గీతలుగా కనిపిస్తాయి. అలా కోసిన పలక తేమ మారినప్పుడు తక్కువగా వంకరపోతుంది. కోసిన పలకను పుస్తకంలాగా రెండుగా విప్పి, అంచుకు అంచు చేర్చి అతికిస్తారు. అందువల్ల గిటారు ఎడమ సగం, కుడి సగం అద్దంలో ప్రతిబింబాల వలె ఉంటాయి.

అడుగు పలకకు, పక్క పలకలకు గట్టి కలప అవసరం. ఇక్కడ గిటారు కథ మన నేలను తాకుతుంది. ఒకప్పుడు ఈ భాగాలకు బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్‌ను శ్రేష్ఠంగా భావించేవారు. 1960ల చివర ఆ దేశం దుంగల ఎగుమతిపై ఆంక్షలు విధించింది. అమెరికాలోని మార్టిన్ సంస్థ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మన అడవుల్లో ఇరుగుడు అని పిలిచే చెట్టు కలప అదే. దక్షిణ భారతదేశపు అడవుల్లో పెరిగిన ఆ చెట్టు నాటినుంచి ప్రపంచ గిటార్లకు ప్రధానమైన కలపగా నిలిచింది. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వాణిజ్యం అంతర్జాతీయ ఒప్పందం ద్వారా దాదాపు నిషిద్ధమైనది. 2017 జనవరి నుంచి ఆ ప్రజాతిలోని ఇతర జాతులన్నీ కూడా నియంత్రణ పరిధిలోకి వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు లభించింది. ఒక వాద్యం శ్రుతిలో ఉండాలంటే అడవి కూడా ఉండాలన్న సత్యాన్ని ఈ పరిణామాలు గుర్తుచేస్తాయి.

ఇంటిలో గిటారు చేయడానికి పెద్ద కార్ఖానా అక్కరలేదు. గట్టి పనిబల్ల, పదునైన ఉలులు, తోపడ, సన్నని రంపం, ఆకురాయి, మూలమట్టం, కొలబద్ద, పలకలను బిగించి పట్టే బిగింపులు ఉంటే ఒక గది చాలు. ఆ గదిలో గాలి తేమను మాత్రం గమనిస్తూ ఉండాలి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత నూటికి 45 నుంచి 50 వరకు ఉన్నప్పుడు పలకలను అతికించడం మేలని శిల్పులు చెబుతారు. మన ప్రాంతంలో ఆషాఢ శ్రావణాల్లో గాలి తేమతో నిండి ఉంటుంది. ఆ రోజుల్లో ఉబ్బి ఉన్న పలకను అతికిస్తే వేసవి వచ్చేసరికి అది కుంచించుకుంటుంది. అంచులు జిగురుతో బిగిసి ఉన్నందున కుంచించుకోవడానికి చోటులేక నడుమ పగులుతుంది. కాలాన్ని చూసి విత్తనం వేసే రైతులాగానే వాద్యశిల్పి కూడా రుతువును చూసి జిగురు పూయాలి.

పని పైపలకను పలుచచేయడంతో ఆరంభమవుతుంది. తోపడతో చిత్రిక పడుతూ మూడు మిల్లీమీటర్ల లోపుకు దానిని తీసుకువస్తారు. ఈ దశలో తొందర పనికిరాదు. పలక బిగువు మందానికి ఘనంగా మారుతుంది. అంటే మందాన్ని పదోవంతు తగ్గిస్తే బిగువు నాలుగోవంతుకు పైగా తగ్గిపోతుంది. చివరి కొన్ని పొరలు తీసేటప్పుడు శిల్పి మాటిమాటికీ ఆగుతాడు. పలకను రెండు చేతులతో పట్టి కొద్దిగా వంచి చూస్తాడు. ఒక అంచును రెండు వేళ్లతో పట్టి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టి వింటాడు. మొదట పొడిగా టకటకమన్న పలక క్రమంగా గంటలాగా మోగడం మొదలుపెడుతుంది. ఎక్కడ ఆగాలో ఆ మోత చెబుతుంది. తీసిన పొరను తిరిగి అతికించడం సాధ్యం కాదు.

అంత పలుచని పలక మీద పడే భారం సామాన్యమైనది కాదు. నైలాన్ తీగల గిటారులో ఆరు తీగల బిగింపు మొత్తం సుమారు 40 కిలోల బలంతో సమానం. ఉక్కు తీగల గిటారులో అది 70 కిలోలు దాటుతుంది. నిండు మనిషి బరువంత లాగుడును మూడు మిల్లీమీటర్ల చెక్క ఏళ్ల తరబడి తట్టుకోవాలి. అందుకే పలక లోపలివైపు సన్నని బద్దలను అతికిస్తారు. స్పెయిన్ సంప్రదాయంలో ఈ బద్దలు విసనకర్ర పుల్లల్లాగా పరచుకుని ఉంటాయి. అమెరికా సంప్రదాయంలో రెండు పెద్ద బద్దలు ఇంటూ గుర్తులాగా ఒకదానిని ఒకటి ఖండిస్తాయి. బద్దలు పలకకు బలాన్ని ఇస్తాయి, కాని బరువును కూడా పెంచుతాయి. కాబట్టి వాటిని కూడా ఉలితో తగ్గిస్తూ, మళ్లీ తట్టి వింటూ పోవలసిందే.

పక్క పలకలను వంచడం చూడముచ్చటైన పని. రెండు మిల్లీమీటర్ల మందంగల బద్దను నీటితో తడిపి, లోపలినుంచి వేడిచేసిన ఇనుప గొట్టానికి ఆనించి నెమ్మదిగా ఒత్తుతారు. వేడికి, తేమకు చెక్కలోని లిగ్నిన్ అనే బంధక పదార్థం మెత్తబడుతుంది. బద్ద మైనంలాగా లొంగుతుంది. చల్లారిన తరువాత ఆ వంపు నిలిచిపోతుంది. లొంగే క్షణం చేతికి తెలుస్తుంది. అంతకుముందే బలం ప్రయోగిస్తే బద్ద విరుగుతుంది. ఆలస్యం చేస్తే మాడుతుంది. వంచిన పక్కలను అచ్చులో నిలిపి, పైపలకను, అడుగు పలకను జిగురుతో అతికిస్తారు. పశుచర్మాన్ని ఉడికించి తీసిన జిగురును పూర్వం వాడేవారు. నేటికీ కొందరు దానినే కోరుకుంటారు. వేడి, తేమ తగిలిస్తే ఆ అతుకు విడిపోతుంది కాబట్టి వాద్యాన్ని విప్పి బాగుచేయడం సులభం.

తరువాత దండిని అమర్చి, దానిపై మెట్లు బిగిస్తారు. ఇక్కడ గణితం శిల్పికి తోడు వస్తుంది. గిటారులో ఒక స్థాయిని పన్నెండు సమాన స్వరాంతరాలుగా విభజిస్తారు. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. మిగిలిన పొడవును తిరిగి అదే సంఖ్యతో భాగిస్తే రెండవ మెట్టు చోటు లభిస్తుంది. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకుంటే మొదటి మెట్టు 36.48 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడినుంచి రెండవ మెట్టు 34.43 మిల్లీమీటర్ల దూరంలో వస్తుంది. ఇలా లెక్కిస్తూ పోతే పన్నెండవ మెట్టు సరిగా 325 మిల్లీమీటర్ల వద్ద, అంటే తీగ నట్టనడుమ పడుతుంది. కాని లెక్క ఇంతటితో ముగియదు. తీగను మెట్టుమీద అదిమినప్పుడు అది కొద్దిగా సాగి స్వరం హెచ్చుతుంది. ఆ హెచ్చును సరిదిద్దడానికి గుర్రాన్ని లెక్కకు వచ్చిన చోటుకంటె రెండు మూడు మిల్లీమీటర్లు వెనుకకు జరుపుతారు. ఎంత జరపాలన్నది తీగ లావును బట్టి, మెట్లమీద దాని ఎత్తును బట్టి మారుతుంది. గణితం చోటును చూపితే, చెవి దానిని సరిదిద్దుతుంది.

నేటి గిటారుకు రూపం ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు స్పెయిన్ దేశీయుడైన ఆంతోనియో దె తోరెస్. ఇతడు 1817లో జన్మించి 1892లో మరణించాడు. వడ్రంగంతో జీవితం ప్రారంభించి వాద్యశిల్పిగా ఎదిగాడు. నాదమాధుర్యం పైపలకదే అని నిరూపించదలచి 1862లో ఒక విచిత్రమైన గిటారును నిర్మించాడు. దాని పైపలక మేలైన చెక్క. పక్కలు, అడుగు భాగం మాత్రం కాగితపు అట్ట. ఆ గిటారు పలికింది. ఖరీదైన కలపే మంచి వాద్యానికి మూలమన్న నమ్మకాన్ని ఆ ప్రయోగం ప్రశ్నించింది.

తోరెస్ గురించి అతనిని ఎరిగిన ఒక మతాచార్యుడు తరువాతి కాలంలో ఒక సంగతి తెలియజేశాడు. తమ రహస్యాన్ని లోకానికి చెప్పి పొమ్మని కోరినప్పుడు తోరెస్ నవ్వి, తన వద్ద దాచిన రహస్యమేదీ లేదని అన్నాడట. పలక సరైన మందానికి వచ్చిందని తన బొటనవేలు, చూపుడువేలు కొసలు చెబుతాయని, ఆ స్పర్శను మరొకరికి ఇచ్చిపోవడం తనకు సాధ్యం కాదని వివరించాడట. ఈ మాటల్లో గర్వం లేదు. ఒక విధమైన విచారం ఉన్నది. జీవితకాలం శ్రమించి ఆర్జించిన సంపద వేళ్ల కొసల్లో నిలిచి, ఆ వేళ్లతోనే మట్టిలో కలిసిపోతుందన్న ఎరుక అది.

స్పర్శలో దాగిన విద్య అలా అంతరించవలసిందేనా? మన తెలుగునాట గొల్లపల్లి దీనికి భిన్నమైన సమాధానం చెబుతున్నది. విజయనగరం జిల్లాలో బొబ్బిలి పట్టణానికి చేరువలోనున్న ఈ గ్రామంలో సర్వసిద్ధి వంశస్థులైన శిల్పులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పదిహేడవ శతాబ్దంలో వెలసిన బొబ్బిలి సంస్థానపు ఆదరణలో ఈ కళ పెరిగింది. బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. తంజావూరు, నూజివీడు సైతం వీణల తయారీకి పేరుపొందాయి.

గిటారుకు, బొబ్బిలి వీణకు నిర్మాణంలో మౌలికమైన భేదం ఉన్నది. గిటారు పలుచని పలకల కూర్పు. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగను తొలచి చేసిన శిల్పం. కుండ, దండి, తలభాగం ఒకే మానులోనుంచి వెలువడతాయి. దీనిని ఏకాండి వీణ అంటారు. పనస కలప గట్టిదైనప్పటికీ ఉలికి లొంగుతుంది. చెదపురుగులకు సులభంగా లొంగదు. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, కాలం గడిచినకొద్దీ ముదురు రంగుకు మారుతుంది. దుంగను ఆరనిచ్చి, బాడిసెతో రూపం తెచ్చి, ఉలితో లోపలిభాగాన్ని తొలుస్తారు. కుండ గోడ ఎక్కడ ఎంత మందం ఉండాలో వెలుపలినుంచి కంటికి కనిపించదు. చేతిని లోపలపెట్టి తడిమి, వెలుపల తట్టి వినాలి. తోరెస్ చెప్పిన బొటనవేలు, చూపుడువేలు ఇక్కడ కూడా పనిచేస్తూనే ఉంటాయి. కుండపై పలకను మూసి, దండి చివర యాళి ముఖాన్ని చెక్కి, దానికి సమీపంలో బుర్రను బిగిస్తారు.

వీణకు ఏడు తీగలు. వాటిలో నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరవైనాలుగు మెట్లు ఉంటాయి. గిటారు మెట్లను దండిలోని గాడిలో శాశ్వతంగా దిగగొడతారు. వీణ మెట్లను బొగ్గుపొడి కలిపిన మైనం మీద నిలుపుతారు. మైనం మెత్తగా ఉండగానే ప్రతి మెట్టును వెంట్రుకవాసి ముందుకో వెనుకకో జరుపుతూ, తీగను మీటి వింటూ, స్వరం కుదిరినచోట ఆపుతారు. దీనిని మేళం కట్టడం అంటారు. వేసవి వేడికి, ఏళ్ల వాడుకకు మైనం కదిలితే మేళం మళ్లీ కట్టవలసిందే. గిటారులో గణితం ముందు నడిచి చెవి వెనుక వస్తుంది. వీణలో చెవి ముందు నడుస్తుంది. అయినా ఇద్దరు శిల్పుల గమ్యం ఒక్కటే.

తెలంగాణలోని కిన్నెర మరొక మార్గాన్ని చూపుతుంది. వెదురు కర్రకు ఎండిన సొరకాయ బుర్రలను తగిలించి, తేనెమైనంతో మెట్లను నిలిపి ఈ వాద్యాన్ని చేస్తారు. ఇక్కడ శిల్పి వేరు, వాదకుడు వేరు అన్న భేదం దాదాపు లేదు. కిన్నెర వాయించే కళాకారుడే దానిని సమకూర్చుకుంటాడు. పన్నెండు మెట్ల కిన్నెరతో వీరగాథలు పాడే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. అడవిలో, పొలంలో దొరికిన వస్తువులనుంచి నాదాన్ని రాబట్టే ఆ నేర్పు ఏ కార్ఖానాలోనూ పుట్టలేదు.

విద్య ఎవరికి చెందాలన్న ప్రశ్న కూడా వాద్యాల చరిత్రలో తలెత్తింది. పంతొమ్మిదవ శతాబ్దం ఆరంభంలో జర్మనీలోని మార్క్‌న్యూకిర్కెన్ పట్టణంలో వయొలిన్ తయారీదారుల సంఘం, కలప సామగ్రి చేసే వడ్రంగులు గిటార్లు తయారు చేయరాదని వాదించింది. ఆ వడ్రంగుల పక్షాన నిలిచిన కుటుంబానికి చెందిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో అమెరికాకు వలసపోయి అక్కడ గిటార్ల సంస్థను స్థాపించాడు. విద్యకు కంచె వేస్తే అది మరొకచోట మొలకెత్తుతుందనడానికి ఇది నిదర్శనం.

ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆ కంచెలు మరింత సడలిపోయాయి. 1966లో ఇర్వింగ్ స్లోన్ గిటారు నిర్మాణాన్ని దశలవారీగా వివరించే గ్రంథాన్ని ప్రచురించాడు. 1972లో అమెరికాలో వాద్యశిల్పుల సంఘం ఏర్పడి, తమ అనుభవాలను దాచుకోకుండా పంచుకునే సంప్రదాయాన్ని నెలకొల్పింది. 1987లో విలియం కంపియానో, జొనాథన్ నేటెల్సన్ కలిసి రచించిన సమగ్ర గ్రంథం వెలువడింది. వంశం లేకపోయినా, గురువు దొరకకపోయినా, ఆసక్తి ఉన్నవాడు ఇంటిలోనే గిటారు చేయడానికి దారి ఏర్పడింది. కొలతలు, లెక్కలు, పనివరసలు పుస్తకంలో దొరుకుతాయి. కాని పలక ఎప్పుడు గంటలాగా మోగుతుందో పుస్తకం చెప్పలేదు. దానికోసం కొన్ని పలకలను పాడుచేసుకోక తప్పదు.

గొల్లపల్లి పరిస్థితి దీనికి తారుమారుగా ఉన్నది. అక్కడ స్పర్శ ఉన్నది, గురుశిష్యుల బంధం ఉన్నది. తండ్రి ఉలి పట్టిన తీరును బిడ్డ చిన్ననాటినుంచి చూస్తూ పెరుగుతాడు. ఒక దుంగనుంచి ఒక్క వీణ మాత్రమే వచ్చే ఈ పద్ధతికి లావైన, ముదురు పనస మాను కావాలి. అటువంటి చెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. వీణ నేర్చేవారు పరిమితం. అందువల్ల కానుకలుగా ఇచ్చే చిన్న వీణలు ఈ శిల్పులకు జీవనోపాధిలో ఆసరాగా నిలిచాయి. అందమైన ఆ చిన్న వీణలు ఇంటింటా అలంకారమవుతాయి. కాని అవి కచేరీలో మోగవు. కుండ గోడను తడిమి వినే నేర్పుకు వాటితో పనిలేదు. చేతికి పని దొరికినా, చెవికి పని తగ్గితే ఆ విద్యలో సగం నిద్రపోతుంది. పెద్ద వీణను కోరి చేయించుకునేవారు ఉన్నంతకాలమే ఆ సగం మేలుకుని ఉంటుంది.

ఈ రెండు అనుభవాలను కలిపి చూసినప్పుడు మనకు ఒక కర్తవ్యం స్పష్టమవుతుంది. రాయదగిన విద్యను రాసి పెట్టాలి. దుంగ ఆరవలసిన కాలం, కుండ మందం, మేళం కట్టే వరుస వంటివి శిల్పుల నోట విని నమోదు చేస్తే అవి నిలుస్తాయి. రాయడానికి వీలులేని విద్యను చేతినుంచి చేతికి అందించాలి. అందుకు శిల్పి పక్కన కూర్చుని బాడిసె పట్టే విద్యార్థి కావాలి. అతడు ఆ వంశంలో పుట్టినవాడే కానక్కరలేదు. పనస మొక్కను నాటే రైతు, వీణను కోరే సంగీతాభిమాని, అది నేర్పే పాఠశాల కూడా ఆ విద్యను నిలిపేవారే.

యంత్రం ఒకే కొలతగల వేయి పలకలను ఒకేరోజు కోయగలదు. కాని ఏ రెండు చెట్లూ ఒకేలాగా పెరగవు. ఒక పలకకు సరిపోయిన మందం దాని పక్క పలకకు సరిపోదు. ఈ చెక్క ఇంకెంత పలుచనైతే పలుకుతుంది, ఎక్కడ ఆగకపోతే పగులుతుంది అని ప్రతి పలకను విడిగా అడిగి తెలుసుకునేవాడే శిల్పి. ఆ ప్రశ్న అడగడం నేర్చిన వేళ్లు ప్రతి తరంలోనూ కొన్నయినా ఉండాలి.

కఠిన పదాలు – అర్థాలు

వాదకుడు = వాద్యాన్ని వాయించేవాడు
ప్రకంపన = వేగంగా ముందుకు వెనుకకు కదలడం
సాపేక్ష ఆర్ద్రత = గాలి మోయగల తేమలో ఉన్న తేమ పాలు
తోపడ = చెక్కను నునుపుచేసే పనిముట్టు
బాడిసె = చెక్కను చెక్కడానికి వాడే వడ్రంగి పనిముట్టు
యాళి = సింహాన్ని పోలిన కల్పిత జంతువు
మేళం కట్టడం = మైనంపై మెట్లను స్వరానికి తగినట్లు నిలపడం
అగ్రగణ్యుడు = మొదట లెక్కింపదగినవాడు
నిదర్శనం = ఉదాహరణ, తార్కాణం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. ఇంటి పనిగదిలో గిటారు తయారయ్యే దశలను పాఠం ఆధారంగా వివరించండి.
2. గిటారు, బొబ్బిలి వీణల నిర్మాణంలోని పోలికలను, భేదాలను చర్చించండి.
3. 'రాయదగిన విద్య', 'రాయడానికి వీలులేని విద్య' అన్న మాటల అంతరార్థాన్ని ఉదాహరణలతో విశదీకరించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. పసుపు కొమ్మును విరిచి వినే పద్ధతికి, వాద్యశిల్పి పనికి గల సంబంధం ఏమిటి?
2. తోరెస్ 1862లో నిర్మించిన గిటారు ఏ విషయాన్ని నిరూపించింది?
3. వానాకాలంలో అతికించిన పలక వేసవిలో ఎందుకు పగులుతుంది?
4. చిన్న వీణల తయారీ వల్ల శిల్పులకు కలిగిన మేలును, ఆ విద్యకు కలిగే లోటును తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. ఏకాండి వీణ అని దేనిని అంటారు?
2. వీణకు ఎన్ని మెట్లు ఉంటాయి?
3. దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ ఏ సంవత్సరంలో లభించింది?
4. తీగ పొడవు 640 మిల్లీమీటర్లయితే పన్నెండవ మెట్టు ఎంత దూరంలో ఉంటుంది?

ఈ) సంధులు

జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘసంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘసంధి
వార్షికోత్సవం = వార్షిక + ఉత్సవం – గుణసంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశసంధి

ఉ) సమాసాలు

నాదమాధుర్యం – నాదము యొక్క మాధుర్యం – షష్ఠీ తత్పురుష సమాసం
గురుశిష్యులు – గురువును శిష్యుడును – ద్వంద్వ సమాసం
ఏడు తీగలు – ఏడు సంఖ్యగల తీగలు – ద్విగు సమాసం

ఊ) చేసి చూడండి

మీ ఊరిలోని వడ్రంగి, కుమ్మరి, నేతగాడు, కంసాలి మొదలైనవారిలో ఒకరిని కలుసుకోండి. వారి పనిలో కొలతతో చెప్పగలిగినది ఏమిటో, చేతి స్పర్శతోనో చెవితోనో మాత్రమే తెలుసుకోగలిగినది ఏమిటో అడిగి, ఒక పుటకు మించకుండా రాయండి.